గొలుసు కుట్టు మొదలు

చేతితో చేయు పనిని నోటితో చెప్పబూనుట కొంత సాహసము. రేడియోలో చెప్పబూనుట మరింత సాహసము. వినువారికి మా వ్రేళ్ళు కనబడవు; వారి వ్రేళ్ళు మాకు కనబడవు. అయినను మన తల్లులు మనకు జొన్నరొట్టె నేర్పినప్పుడు సగము చేతితోను, సగము మాటతోను నేర్పిరి కదా! పిండిలో పోయు నీరు ఎంత కాగవలెనో, అంచు పగులకుండ ఎట్లు తట్టవలెనో వారు చెప్పిన మాటలు నేటికిని మన చెవిలో నున్నవి. ఆ ధైర్యముతోనే క్రోషియా అల్లికను గూర్చి నాలుగు మాటలు చెప్పుచున్నాము. సూది ఎన్నడును పట్టి యెరుగనివారిని ఉద్దేశించియే ఈ ప్రసంగము. పని వచ్చినవారు విని మా తప్పులు పట్టినను మాకు సంతోషమే.

మేము ఈ పని నేర్చుకొనుటకు కారణము మా ఇంటి రేడియో. రేడియో పెట్టె ఇంటికి వచ్చిన కాలమున దానికొక ముసుగు కూడ వచ్చెడిది. 1950, 60 సంవత్సరముల నాటి ఇండ్లలో పెట్టెను గోడబల్లపై నిలిపి, దానిమీద తెల్లని లేసుగుడ్డ పరచి, అంచును ముందువైపు నాలుగు అంగుళములు వ్రేలాడదీయుట ఒక మర్యాద. దుమ్ము పడకుండుటకని పైకి చెప్పెడివారు. లేసు నిండ కన్నములే గదా, దుమ్ము దానికి జంకునా? ఇల్లాలి చేతిపని వచ్చినవారందరు చూడవలెననుట అసలు సంగతి. మా అత్తగారు 1964లో అల్లిన గుడ్డ అట్టిది. ఆమె గతించి చాలకాలమైనది. ఆ పాత పెట్టె పలుకుట మానినను, గుడ్డ మాత్రము దానిపైననే యుండెను. ఒక వానకాలమున ఎలుక దాని నడిమి పువ్వును కొరికివేసెను.

నల్లగొండ బజారులో ఆ గుడ్డను పట్టుకొని అంగడి అంగడి తిరిగితిమి. రఫ్ఫు చేయువారు దానిని త్రిప్పి త్రిప్పి చూచి తిరిగి ఇచ్చిరి. కుట్టు మిషను నడుపు పెద్దమనిషి ఒకరు, “దీనికి మిషను లేదమ్మా, చేతితోనే పుట్టింది, చేతితోనే బాగుపడాలె” అనిరి. ఆయన తప్పించుకొనుటకు అట్లనినారని ఆనాడు అనుకొంటిమి. అది అక్షరాల నిజమని తరువాత తెలిసినది. స్వెట్టర్ల అల్లికకు యంత్రములున్నవి, నేతకు యంత్రములున్నవి. నిజమైన క్రోషియా అల్లికను చేయు యంత్రము మాత్రము వాడుకలో లేదు. అంగళ్ళలో గజముల కొలది అమ్ము యంత్రపు లేసు చూచుటకు అట్లే యుండును గాని, దాని అల్లిక వేరు.

చివరకు మా గురువు మా వీధి చివరనే దొరికిరి. ఆ ఇంటి పిన్నిగారి పుట్టినూరు నరసాపురము దగ్గరి పల్లె. నాగార్జునసాగరు ఆనకట్టకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగెను; 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, హుజూరునగరు ప్రాంతములు తడియుటతో కోస్తా జిల్లాలనుండి ఎన్నో కుటుంబములు వచ్చి అక్కడ భూములు కొని స్థిరపడెను. అట్లు వచ్చిన ఒక ఇంటికి ఆమె కోడలుగా వచ్చిరి. కాలువ వెంట వరి వచ్చినది, చేపల పులుసు వచ్చినది, ఆమె ట్రంకుపెట్టెలో రెండు లేసు సూదులును వచ్చినవి.

నరసాపురపు లేసును గూర్చి కొంచెము చెప్పవలెను. తెలుగు దేశమున క్రోషియాకు పుట్టినిల్లు అదియే. స్కాట్లండునుండి వచ్చిన మాక్రే అను మిషనరీ దంపతులు 1844 ప్రాంతమున గోదావరి డెల్టాలోని స్త్రీలకు ఈ పని నేర్పిరని చెప్పుకొందురు. అదే దశాబ్దమున ఐర్లండులో ఉర్లగడ్డ పంట కుళ్ళి ఘోరమైన కరవు వచ్చినప్పుడు, అచటి బీద స్త్రీలకు కూడ ఈ అల్లికయే కొంత కూడు పెట్టెను. పేరు ఫ్రెంచివారిది, వారి భాషలో క్రోషే అనగా చిన్న కొక్కెము. నరసాపురములో మొదట క్రైస్తవ స్త్రీలు నేర్చిన పని క్రమముగ చుట్టుపట్ల పల్లెలకు ప్రాకి, గడప దాటి కూలికి పోని కుటుంబముల స్త్రీల చేతికిని వచ్చెను. ఆ లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇక అల్లిన స్త్రీలకు లభించినదేమో తరువాత చెప్పుదుము.

మన సీమ మగ్గముల సీమ. చండూరు, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో నున్న పోచంపల్లి, పుట్టపాక మొదలగు ఊళ్ళు పాత నల్లగొండ జిల్లావే. అవతల పాత పాలమూరు జిల్లాలో గద్వాల, నారాయణపేట ఉన్నవి. ఇప్పుడు ఆ రెండును వేరు వేరు జిల్లాలకు ముఖ్యపట్టణములు. పాలమూరు గొల్ల కురుమల గొంగళ్ళ సంగతి చెప్పనే అక్కరలేదు. ఇట్టి చోట పుట్టిన మాకు నూలు క్రొత్త కాదు. ఆ గర్వమే మాకు మొదట అడ్డు వచ్చినది. మాతో కూడ నేర్చుకొనవచ్చిన మా పొరుగింటి అక్క పద్మశాలి ఇంటి ఆడపడుచు. ఆమె మొదటినాడు చూచి, “గింతేనా? ఒక్క పోగే గద!” అనెను. పోగు ఒక్కటియే. చిక్కు అంతయు అందులోనే యున్నది.

నేతలో పడుగు, పేక అని రెండు తెరగుల నూలు. పడుగు బిగువుగ నిలిచి యుండును. పేక దానిలో అడ్డముగ పోవును. మగ్గము బిగువును తాను చూచుకొనును. క్రోషియాలో మగ్గము లేదు. ఒకే దారము, ఒకే కొక్కెము. దారమును ఉచ్చుగ చేసి, ఆ ఉచ్చులోనుండి మరియొక ఉచ్చును లాగి, దానిలోనుండి ఇంకొకటి లాగుచు పోవుటయే పని అంతయు. ఈ ఉచ్చును మేము కన్ను అని చెప్పుదుము. బిగువు చూడవలసినది మన ఎడమచేయి. అనగా ఎడమచేయియే మగ్గము. కుడిచేతికి సూది వచ్చుట ఒక్క సాయంకాలపు పని; ఎడమచేతికి బిగువు వచ్చుట కొన్ని వారముల పని. ఈ సంగతి మాకు ముందుగ ఎవరైన చెప్పియున్నయెడల కుడిచేతిని అంతగా తిట్టుకొనియుండము.

సామగ్రి స్వల్పము. క్రొత్తవారు చేయు తప్పు ఏమనగా, లేసు నేర్చుకొనవలెనని తలచి మొదటనే సన్నని లేసు దారమును, ఒక మిల్లిమీటరు ఉక్కు సూదిని కొనుట. మేమును అట్లే కొంటిమి. పిన్నిగారు వానిని పుచ్చుకొని బీరువాలో పెట్టి తాళము వేసిరి. మొదట దళసరి నూలుదారము, మూడున్నర లేక నాలుగు మిల్లిమీటర్ల సూది కావలెను. దారము లేత రంగుదై యుండవలెను. నల్లదారములో కన్నులు కనబడవు. పురి గట్టిగ నుండవలెను, లేనియెడల కొక్కెము దారమును చీల్చుకొని పోవును. మా అక్క తన పుట్టింటినుండి మగ్గపు నూలు తెచ్చెను. అది ఒంటిపోగున పనికిరాదు. నాలుగైదు పోగులు కలిపి పురి పెట్టినగాని సూదికి నిలువలేదు. అంకెల విషయము మాత్రము నేతవారికి సులభము: నూలులో వలెనే లేసు దారములోను అంకె పెరిగినకొలది పోగు సన్నమగును. 20వ నంబరు కంటె 40వ నంబరు సన్నము. ఉక్కు సూదులపై నుండు పాత నంబర్లును అంతే. మిల్లిమీటర్లలో చెప్పిన సూదులకు మాత్రము పెద్ద అంకె అనగా లావు సూది. అంగడిలో అడుగునప్పుడు మిల్లిమీటర్లలో అడుగుట క్షేమము.

ఇప్పుడు సూది పట్టుదము. కొందరు కలము పట్టినట్లు పట్టుదురు, కొందరు కూర కోయు కత్తి పట్టినట్లు పట్టుదురు. రెండును సరియే, ఎవరి చేతికి ఏది వచ్చిన అది. దారపు ఉండనుండి వచ్చు పోగును ఎడమచేతి చిటికెన వ్రేలికి ఒక చుట్టు చుట్టి, నడిమి వ్రేళ్ళ క్రిందుగ పోనిచ్చి, చూపుడు వ్రేలిమీదుగ పైకి తీయవలెను. చిటికెన వ్రేలు దారమును ఆపుచుండును, చూపుడు వ్రేలు అందించుచుండును. దారపు మొనకు జానెడు దూరమున ఒక జారుముడి వేసి సూదికి తొడుగవలెను. దానిని మరీ బిగింపరాదు. సూదిపై అటునిటు జరుగవలెను. ఇక ఎడమ బొటన వ్రేలితోను, నడిమి వ్రేలితోను ముడి మొదలు పట్టుకొని, సూదిమొనను దారము క్రిందుగ పోనిచ్చి, కొక్కెమున దారమును పట్టి, సూదిపైనున్న కంటిలోనుండి లాగవలెను. పాత కన్ను సూదినుండి జారిపోవును. క్రొత్తది దాని చోటికి వచ్చును. ఇది ఒక గొలుసు కుట్టు. మరల దారము, మరల లాగుట, ఇది రెండవది. ఇంతకుమించి రహస్యమేమియు లేదు.

లేదనుకొంటిమి గాని మొదటినాడు మాకు పది కుట్లు కుదురలేదు. భయముచేత ప్రతి కంటిని బిగించితిమి. బిగించిన కంటిలోనుండి కొక్కెము రాదు. రాకపోగా ఇంకను బలముగ లాగుదుము. లాగగా అది ఇంకను బిగియును. పిన్నిగారు కొంతసేపు చూచి, “ఏవమ్మా, అది దారవా, దొంగా? అలా ఉరి తీసేస్తున్నావు!” అనిరి. పిమ్మట ఆమె చెప్పిన ఉపాయమును ఇక్కడ చెప్పుచున్నాము, ఏలయనగా మాకు ఏ పుస్తకమునను అది కనబడలేదు. కంటి కొలత కొక్కెపు మొననుబట్టి కాదు, దాని వెనుకనున్న గుండ్రని కాడనుబట్టి యుండవలెను. క్రొత్తవారు కంటిని కొక్కెపు మెడవద్దనే, అనగా సన్ననిచోటనే, ఉంచి బిగింతురు. ప్రతి కంటిని వెనుకకు జరిపి కాడమీదికి తెచ్చి అచ్చట సరిచేసినయెడల కన్నులన్నియు ఒకే కొలతకు వచ్చును, తరువాత సూది సులభముగ దూరును. ఈ ఒక్క మాటతో మా గొలుసు ఒక దారికి వచ్చినది. రెండవ వారమున మేము అల్లిన గొలుసు గజములకొద్ది యుండెను. అక్క దానితో దొడ్డిలోని కాకర తీగను పందిరికి కట్టెను.

ఎండకాలమున ఇంకొక బాధ కలదు. మే నెలలో మన నల్లగొండ ఎండలకు అరచేతులు చెమర్చి దారము నల్లబడును, సూది జిగటగ నగును. ప్రక్కన తడిగుడ్డ, పొడిగుడ్డ రెండును ఉంచుకొని, చేతులు తుడుచుకొనుచు అల్లవలెను. మేము ఆ నెలలో తెల్లవారుజామునే కూర్చుంటిమి.

గొలుసు తరువాత కుట్లు రెండే నేర్చిన చాలును. మొదటిది పొట్టి కుట్టు. గొలుసులోని ఒక కంటిలో సూదిని గ్రుచ్చి దారమును లాగిన సూదిపై రెండు కన్నులుండును. మరల దారమును పట్టి ఆ రెంటిలోనుండియు ఒక్కసారిగ లాగవలెను. రెండవది పొడుగు కుట్టు. సూదికి ముందే దారమును ఒక చుట్టు చుట్టి గ్రుచ్చి లాగిన మూడు కన్నులుండును. దారము పట్టి రెంటిలోనుండి లాగి, మరల దారము పట్టి మిగిలిన రెంటిలోనుండి లాగవలెను. పొట్టి కుట్టు గట్టి గుడ్డనిచ్చును, పొడుగు కుట్టు కిటికీవలె గాలి పోనిచ్చును. లేసు అనునది పొడుగు కుట్లును, వాని నడుమ వదలిన గొలుసులును తప్ప మరేమియు కాదు. ఇంగ్లీషు పుస్తకములు చూచి నేర్చువారికి ఒక హెచ్చరిక: ఇంగ్లండువారు డబుల్ క్రోషే అనునది అమెరికావారికి సింగిల్ క్రోషే, ఇంగ్లండు ట్రెబుల్ అమెరికాకు డబుల్. పుస్తకము ఏ దేశపుదో చూడక మొదలుపెట్టిన గుడ్డ సగము పొడవే వచ్చును.

వరుసలు అల్లునప్పుడు మాకు జరిగిన పరాభవము చెప్పక తప్పదు. ఇరువది పొడుగు కుట్లతో మొదలుపెట్టి పది వరుసలు అల్లితిమి. చతురముగ రావలసిన గుడ్డ చాటవలె వచ్చినది. ఒక ప్రక్క వెడల్పు, మరియొక ప్రక్క ఇరుకు. లెక్కించి చూడగా పైవరుసలో పదియే కుట్లున్నవి. వరుసకొక్కటి చొప్పున ఎక్కడనో పోయినది. ఎక్కడనగా చివర. వరుస త్రిప్పునప్పుడు ఎత్తు కొరకు మూడు గొలుసులు వేయుదుము. ఆ మూడును కలిసి ఒక పొడుగు కుట్టుగ లెక్క. తిరిగి వచ్చునప్పుడు ఆ మూడు గొలుసుల తలమీద కూడ ఒక కుట్టు వేయవలెను. అది కుట్టువలె కనబడదు గనుక క్రొత్తవారు దానిని విడిచిపెట్టుదురు. నివారణ సులభము: ఆ మూడవ గొలుసులో ఒక పిన్నీసు గ్రుచ్చి ఉంచుట, ప్రతి వరుస చివర లెక్కించుట. లెక్కించుటకు బద్ధకించువారికి ఈ పని రాదు. ఈ మాట కొంచెము కఠినముగ నున్నది, కాని మేము బద్ధకించియే తెలిసికొంటిమి.

తప్పు వచ్చిన ఏమి చేయవలెను? సూది తీసి దారము లాగవలెను, అంతయు ఊడిపోవును. మా అక్క దీనిని మొదట భరింపలేకపోయెను. “గట్ల గుంజితె మొత్తం పోతది గదక్కా!” అని పిన్నిగారి చేయి పట్టుకొనెను. మగ్గము మీద అట్లు జరిగిన కొంప మునిగినట్లే కదా! క్రోషియాలో పోయినది శ్రమయే గాని దారము పోదు. అదే దారముతో మరల అల్లవచ్చును. ఒకే చాటను మేము ఆరుసార్లు ఊడదీసితిమి.

ఇక గుండ్రని అల్లిక. నిజమునకు మాకు కావలసినది ఇదియే, ఎలుక కొరికినది పువ్వు గదా. నాలుగైదు గొలుసులను వలయముగ కలిపి, ఆ వలయములో కుట్లు వేయుచు, చుట్టు చుట్టుకును కుట్లు పెంచుచు పోవలెను. ఎన్ని పెంచవలెననుటకు లెక్క కలదు. పొట్టి కుట్లకు 6, 12, 18, 24 అని చుట్టుకు ఆరేసి. పొడుగు కుట్లకు 12, 24, 36, 48 అని చుట్టుకు పండ్రెండేసి. ఇంతకు తగ్గిన అంచు పైకి లేచి గిన్నెయగును. ఇంతకు మించిన అంచు ముడుతలు పడి పావడా కుచ్చులవలె తిరుగును. బతుకమ్మను పేర్చిన స్త్రీకి ఈ గణితము క్రొత్త కాదు. తంగేడు, గునుగు వరుసలను చుట్టు చుట్టుకును లోనికి తగ్గించుచు పోవుటచేతనే బతుకమ్మ గోపురమువలె పైకి లేచును. తగ్గింపకున్న అది బొంగరపు దిమ్మెగనే మిగులును. ముడుతలు పడు తప్పును కూడ తీసివేయరాదని చెప్పవచ్చును. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున డైనా తైమీనా అను గణితజ్ఞురాలు కావలెననియే కుట్లను ఒక నిష్పత్తిలో పెంచుచు పోయి, చేతితో పట్టుకొని చూడదగిన హైపర్బోలిక్ తలములను అల్లిరి. కాగితముమీద బోధపడని జ్యామితి ఆ ముడుతలలో విద్యార్థులకు బోధపడినది. మేము అది తెలియక మా ముడుతలను చూచి సిగ్గుపడితిమి.

ఒంటిని గూర్చి ఒక మాట. ఒకే కదలికను వేలసార్లు చేయు పని సుకుమారముగ కనబడినను సుకుమారము కాదు. పోచంపల్లి తరహా చీరకు ఆసు పోయునప్పుడు, అర్ధచంద్రాకారపు కొయ్య మేకుల నడుమ చేతిని ఒక చీరకు సుమారు తొమ్మిదివేలసార్లు అటునిటు త్రిప్పవలెను. ఆలేరు ప్రాంతమున శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజముల నొప్పి చూడలేకయే 1999లో ఆసు యంత్రమును తయారుచేసి దానికి ఆమె పేరనే లక్ష్మీ ఆసు యంత్రమని పేరుపెట్టిరి. 2017లో వారికి పద్మశ్రీ లభించినది. క్రోషియాకు అట్టి యంత్రము వాడుకలో లేదని ముందే చెప్పితిమి. కావున అరగంటకొకసారి సూది దింపి వ్రేళ్ళు చాపవలెను, దూరముగ నున్న చెట్టువంక చూడవలెను. మునుగోడు, మర్రిగూడ ప్రాంతములలో ఫ్లోరైడు నీరు త్రాగి కీళ్ళు బిగిసిన పెద్దలున్నారు. అట్టివారు నేర్వదలచిన సన్నసూది జోలికి పోక, లావుసూది కాడకు గుడ్డ చుట్టి పట్టువచ్చునట్లు చేసికొని, నొప్పి పుట్టకముందే ఆపవలెను.

ఇక సొమ్ము మాట. ఇది నేర్చిన నాలుగు రాళ్ళు వచ్చునా అని మమ్ము అడిగినవారు పలువురు. అడుగుటలో తప్పులేదు. 1977, 78 సంవత్సరములలో మరియా మీస్ అను జర్మను సామాజిక శాస్త్రవేత్త నరసాపురపు పల్లెలలో తిరిగి లేసు అల్లువారి బ్రతుకులను పరిశీలించి 1982లో ఒక గ్రంథము ప్రకటించిరి. అచట ఒక స్త్రీ పూర్తి వస్తువును అల్లదు. ఒకరు పువ్వులు, ఒకరు అంచులు, మరియొకరు వానిని కలుపు అతుకు పని. దారమును ఇచ్చి ముక్కలను తీసికొనిపోవు వర్తకుని తప్ప వారికి అంగడి తెలియదు. దినమున ఆరేడు గంటలు అల్లినను, వారిని పనివారని ఎవరును అనలేదు. ఇంట ఊరక కూర్చుండక ఏదో చేసికొనుచున్నారని అనిరి. వ్యవసాయ కూలికి పోవు స్త్రీకి ప్రభుత్వము నిర్ణయించిన కనీసపు కూలికంటె వారికి దక్కినది చాల తక్కువ. లేసు మాత్రము సముద్రములు దాటి పోయినది. పిన్నిగారికి ఈ గ్రంథము సంగతి చెప్పగా ఆమె ఆశ్చర్యపడలేదు. “మా అమ్మ కళ్ళు దానికే పోయాయి. ఎంత ఇచ్చారో నాన్నకే తెలీదు” అని మాత్రమనిరి.

మా లెక్క కూడ చెప్పుదుము. ఆరంగుళముల గుండ్రని గుడ్డ ఒకటి అల్లుటకు మాకు నాలుగు సాయంకాలములు, పూటకు మూడు గంటల చొప్పున పండ్రెండు గంటలు పట్టినది. ఒక అంగడివారు దానికి నూరు రూపాయలు ఇత్తుమనిరి. దారపు వెల తీయకుండగనే గంటకు ఎనిమిది రూపాయల చిల్లర. చేయి తిరిగినవారు సగము కాలములో అల్లుదురు. అయినను అది కూలి అనదగినది కాదు. ధర చెప్పునప్పుడు దారము వెలతోబాటు గంటలను కూడ లెక్కకట్టి చెప్పవలెను, కొననివారు కొనకపోయిన సరే. ఇంకొక సంగతి. మా ఊళ్ళో ఒకచోట, రుసుము కట్టి నేర్చుకొన్న అల్లికలన్నియు తామే కొందుమని చెప్పి పలువురివద్ద సొమ్ము పుచ్చుకొనిరి. మా అక్కయు కట్టెను. మూడు నెలలకు ఆ తలుపునకు తాళము పడినది. కొందుమనువారు నిజముగ కొనువారైనచో, ముందుగ మనవద్ద సొమ్ము అడుగ నవసరము లేదు.

మా అత్తగారి గుడ్డ విషయమున మాకొక అదృష్టము కలిసివచ్చినది. క్రోషియా చివరి కంటినుండి సులభముగ ఊడునే గాని మొదటినుండి అట్లు ఊడదు. నడిమి పువ్వు అనగా అల్లిక మొదలు. ఎలుక కొరికినది మొదలును గనుక చుట్టునున్న అనాసపండ్ల వరుసలు చెక్కు చెదరక నిలిచెను. చినిగిన ముక్కలను సూదితో మెల్లగ తీసివేసి, మిగిలిన వలయపు లోపలి అంచున కుట్ల పాదములు ఎన్నిచోట్ల నున్నవో లెక్కించితిమి. నలువది యెనిమిది. అనగా 12, 24, 36, 48. నాలుగు చుట్ల పువ్వు. అత్తగారు పిన్నిగారిని ఎన్నడును చూచి యెరుగరు, అయినను లెక్క ఒక్కటియే.

బీరువా తాళము తెరచి సన్ననిదారము, ఉక్కు సూది మాకిచ్చిరి. మొదటి పువ్వు అంచు లేచి గిన్నెయైనది, లెక్కింపగా నలువదియారు. ఊడదీసితిమి. రెండవది చదునుగ వచ్చెను. నాలుగవ చుట్టులో ప్రతి కుట్టును ముగించుటకు ముందు సూదిని పాత వలయపు పాదములో గ్రుచ్చి దారము తెచ్చి కలుపుచు పోతిమి. నరసాపురమువారి అతుకు పని ఇదియే. చివర దారమును వ్రేలి పొడవున ఉంచి కత్తిరించి, ఆఖరి కంటిలోనుండి లాగి బిగించి, మిగిలిన తోకను కుట్టుసూదితో కుట్ల వెనుకగ అటు ఒకసారి, ఇటు ఒకసారి పోనిచ్చి దాచితిమి. ఒక్కవైపే పోనిచ్చిన ఉతుకులో బయటపడును.

పాత గుడ్డ మీగడ రంగు తిరిగియున్నది, మా పువ్వు సున్నమువలె తెల్లగ నున్నది. టీ డికాక్షనులో ముంచిన రంగు కలియునని అక్క చెప్పెను. ఒక తుండు దారమును ముంచి చూచితిమి, కలిసినది కూడ. కాని పిన్నిగారు పువ్వును ముంచనీయలేదు. “ఉండనీ అమ్మా, ఎవరిది ఎంతవరకో తెలియాలి గదా” అనిరి. అట్లే ఉంచితిమి. గుడ్డను ఉతికి, పరుపుమీద గుండుసూదులతో గుండ్రముగ లాగి ఆరవైచి, రేడియోపై పరచితిమి. పెట్టె వెనుక ఇప్పుడొక ఎలుకబోను కూడ ఉన్నది.